క్లాసుల గురించి ఇంగ్లీషులో అడిగేటప్పుడు "టైమింగ్స్", "స్ట్రెంత్", "మోడ్" బదులు ఏమనాలి?

ఖమ్మం నుంచి ఈ ఆగస్టులో టెక్సస్‌కి ఎం.ఎస్.కి వెళ్తున్నాననీ, క్లాసుల వివరాలు అడుగుతూ డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెడితే "మీరేం అడుగుతున్నారో కాస్త వివరంగా చెప్పగలరా" అని తిరుగు జవాబొచ్చిందనీ రాశారు. వ్యాకరణం ఎక్కడ తప్పిందో చెప్పమన్నారు, సహజంగా వినిపించే మాటలు ఏవో చెప్పమన్నారు. మీరు పెట్టిన మెయిల్లో ముఖ్యమైన భాగం ఇది:

"రెస్పెక్టెడ్ సర్/మేడమ్, ఐ గాట్ అడ్మిషన్ ఇన్ ఎం.ఎస్. కంప్యూటర్ సైన్స్. ఐ వాంట్ టు నో ద క్లాస్ టైమింగ్స్ అండ్ ఫ్రమ్ విచ్ డేట్ క్లాసెస్ ఆర్ స్టార్టింగ్. విచ్ ఫ్యాకల్టీ ఈజ్ టేకింగ్ డేటాబేస్ క్లాస్ అండ్ వాట్ ఈజ్ ద క్లాస్ స్ట్రెంత్? ఐ హావ్ ఎ డౌట్ రిగార్డింగ్ ఆన్‌లైన్ ఆర్ ఆఫ్‌లైన్ మోడ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్."

అమెరికాలో ఒక యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల మెయిళ్ళకి జవాబులివ్వడం చాలాకాలంగా నా పని. మీ మెయిల్ లాంటివి ప్రతి వేసవిలో కుప్పలుగా వస్తాయి. అందుకని ముందుగా ఒక మాట: ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇది భారతీయ ఇంగ్లీషు. హైదరాబాద్‌లో ఏ కాలేజీ ఆఫీసుకి పంపినా ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్‌కి ఫోన్ చేసి "వాట్ ఆర్ ద బ్యాచ్ టైమింగ్స్?" అనడమే సరైన ఇంగ్లీషు. అక్కడ "వెన్ డజ్ ద క్లాస్ మీట్?" అంటే ఎదుటి మనిషే తికమకపడతాడు. ఊరు మారుతోంది కాబట్టి మాట మార్చుకుంటున్నాం, అంతవరకే.

ఇప్పుడు అసలు విషయం. మీ మెయిల్లో బరువంతా ఏ మాటల మీద ఉందో చూడండి. టైమింగ్స్, ఫ్యాకల్టీ, స్ట్రెంత్, డౌట్, మోడ్. అన్నీ నామవాచకాలే. అన్నీ నోటీసు బోర్డు మీద, ప్రాస్పెక్టస్‌లో చూసి నేర్చుకున్నవే. అమెరికాలో గానీ ఇంగ్లండ్‌లో గానీ మనుషులు ఇవే సంగతులు అడిగేటప్పుడు క్రియలతో అడుగుతారు: ఎప్పుడు మొదలవుతుంది, ఎంతసేపు నడుస్తుంది, ఎవరు చెప్తున్నారు, ఎంతమంది ఉన్నారు. గమనించారా, ఇంట్లో మనం తెలుగులో అడిగేదీ ఇలాగే. మీ అమ్మగారు "క్లాసు ఎన్నింటికి? ఎవరు చెప్తారు?" అంటారు గానీ "తరగతి సమయాలు, బోధకుల వివరాలు తెలియజేయగలవు" అనరు. కాబట్టి "తెలుగులో ఆలోచించకు, ఇంగ్లీషులో ఆలోచించు" అన్న సలహాని నేను ఒప్పుకోను. ఇంటి తెలుగులో ఆలోచించండి. ఆ ప్రశ్నని ఇంగ్లీషులో పెడితే చాలాసార్లు అదే సహజంగా ఉంటుంది. ఇబ్బంది పెట్టేది మన తెలుగు కాదు, ఆఫీసు కాగితాల్లోంచి వచ్చిన ఇంగ్లీషు.

"టైమింగ్స్" దగ్గర మొదలుపెడదాం, ఎక్కువ తకరారు అక్కడే. అమెరికన్‌కి "టైమింగ్" అంటే ఒక పనిని సరైన క్షణంలో చేయడం. జోకు చెప్పేవాడి టైమింగ్, క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ టైమింగ్ లాంటివి. క్లాసు టైమింగ్స్ అంటే సందర్భాన్ని బట్టి ఊహించుకుంటాడు, కానీ ఒక్క క్షణం ఆగుతాడు. అతను అనే మాట "వెన్ డజ్ ద క్లాస్ మీట్?" క్లాసు కలవడమేమిటి అనిపిస్తుంది మొదట్లో. కానీ ఈ ఒక్క "మీట్" లోనే వారంలో ఏ రోజులు, ఏ వేళ అన్న రెండూ ఇమిడిపోతాయి. జవాబు కూడా అలాగే వస్తుంది: "ఇట్ మీట్స్ ట్యూజ్‌డేస్ అండ్ థర్స్‌డేస్ అట్ ఫోర్." యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ పేజీల్లో చాలాచోట్ల ఆ కాలమ్ పేరే "మీటింగ్ టైమ్స్". రోజు తెలిసి వేళ మాత్రమే కావాలంటే "వాట్ టైమ్ డజ్ క్లాస్ స్టార్ట్?" చాలు. ఎంతసేపు అన్నది "వాట్ ఈజ్ ద డ్యూరేషన్?" అని కాకుండా "హౌ లాంగ్ ఈజ్ ఈచ్ క్లాస్?" అని అడగండి. వారానికి ఎన్నిసార్లు అంటే "హౌ మెనీ టైమ్స్ ఎ వీక్ డజ్ ఇట్ మీట్?" మొత్తం పట్టికని అమెరికాలో "షెడ్యూల్" అంటారు, అక్కడ దాన్ని పలకడం "స్కెడ్యూల్" అని.

దీన్ని కాస్త మర్యాదగా అడగాలనుకున్నప్పుడు మనవాళ్ళు "మే ఐ నో ద టైమింగ్స్?" అంటారు. "మే ఐ నో" తప్పు కాదు గానీ అక్కడ కౌంటర్ దగ్గర గుమాస్తా "మే ఐ నో యువర్ నేమ్?" అన్నట్టు బిగుసుకుపోయి వినిపిస్తుంది. "కుడ్ యూ టెల్ మీ" వాడండి. కానీ అది వాడగానే వెనకాల మాటల వరుస మారుతుంది, ఇక్కడే చాలామంది జారతారు. విడిగా అడిగితే "వాట్ టైమ్ ఈజ్ ద క్లాస్?" కానీ "కుడ్ యూ టెల్ మీ" తర్వాత "వాట్ టైమ్ ద క్లాస్ ఈజ్" అవుతుంది. "ఈజ్" చివరికి వెళ్ళిపోతుంది. "డూ యూ నో వేర్ ఈజ్ ద రూమ్?" కాదు, "డూ యూ నో వేర్ ద రూమ్ ఈజ్?" తెలుగులో "క్లాసు ఎన్నింటికో చెప్తారా" అన్నప్పుడు ఆ "ఓ" ఒక్కటి చేర్చి ఊరుకుంటాం, మాటల వరుస మారదు. అందుకే ఇది మనకి అలవాటు కావడానికి కాలం పడుతుంది. పైకి చదువుకుంటూ సాధన చేయండి.

"ఫ్రమ్ విచ్ డేట్ క్లాసెస్ ఆర్ స్టార్టింగ్" అన్నది మన "ఎప్పటి నుంచి"లోంచి నేరుగా వచ్చింది. ఇంటి తెలుగుని నమ్మమన్నాను గానీ, విభక్తులకి మాత్రం ఆ మాట వర్తించదు. ఇంగ్లీషులో మొదలవడానికి "ఫ్రమ్" అక్కర్లేదు. "వెన్ డూ క్లాసెస్ స్టార్ట్?" అంతే. అలాగే "లోపు", "వరకు" రెండింటికీ మనం "టిల్" వాడేస్తాం. "ఐ కెన్ రిజిస్టర్ టిల్ ఫ్రైడే" అంటే శుక్రవారం దాకా ఎప్పుడైనా చేయొచ్చని. "ఐ నీడ్ టు రిజిస్టర్ బై ఫ్రైడే" అంటే శుక్రవారం లోపు చేసి తీరాలని. క్లాసులు మార్చుకునే గడువుల దగ్గర ఈ తేడా డబ్బుతో ముడిపడి ఉంటుంది కాబట్టి జాగ్రత్త.

తర్వాతది "టేకింగ్". ఇది పూర్తిగా తిరగబడిపోయే మాట, అందుకే దీని మీద ఎక్కువ సేపు ఉంటాను. మనదగ్గర మాస్టారు క్లాసు తీసుకుంటారు: "సర్ ఈజ్ టేకింగ్ క్లాస్." అమెరికాలో క్లాసు తీసుకునేది విద్యార్థి. "ఐ యామ్ టేకింగ్ డేటాబేసెస్ దిస్ ఫాల్" అంటే ఆగస్టులో మొదలయ్యే టర్మ్‌లో (అదే "ఫాల్") ఆ సబ్జెక్టు చదువుతున్నానని. మీరు "విచ్ ఫ్యాకల్టీ ఈజ్ టేకింగ్ ద క్లాస్?" అని అడిగితే, మాటల ప్రకారం "ఏ అధ్యాపకులు ఆ క్లాసులో విద్యార్థిగా చేరారు?" అన్నట్టు అవుతుంది. ఆపైన "ఫ్యాకల్టీ" కూడా అక్కడ ఒక మనిషి కాదు, అధ్యాపక వర్గం మొత్తం. ఒక్కరిని "ఎ ఫ్యాకల్టీ మెంబర్" అంటారు, మామూలుగా అయితే "ప్రొఫెసర్" లేదా "ఇన్‌స్ట్రక్టర్". మీ ప్రశ్నకి సహజమైన రూపం "హూ ఈజ్ టీచింగ్ ద డేటాబేస్ క్లాస్?" పరీక్షలకీ ఇదే కథ: మనం ఎగ్జామ్ రాస్తాం, వాళ్ళు "టేక్ ఎన్ ఎగ్జామ్" అంటారు. "రైట్ ఎన్ ఎగ్జామ్" అంటే అమెరికాలో ప్రశ్నపత్రం తయారుచేయడమని కూడా అనుకోవచ్చు.

ఇక్కడే ఇంకో సంగతి. యూనివర్సిటీ షెడ్యూల్లో ఇన్‌స్ట్రక్టర్ పేరు ఉండాల్సిన చోట కొన్నిసార్లు "స్టాఫ్" అని కనబడుతుంది. స్టాఫ్ అనే ఇంటిపేరు గల ప్రొఫెసర్ ఎవరో ఉన్నారనుకుని ఆయనకి మెయిల్ పెట్టాలని చూసేవాళ్ళు ఉంటారు. ఎవరు చెప్తారో ఇంకా తేలలేదని దానర్థం. "టి.బి.ఏ." అని ఉన్నా అంతే, తర్వాత ప్రకటిస్తారని. అలాంటప్పుడు "డూ యూ నో యెట్ హూ విల్ బి టీచింగ్ ఇట్?" అని అడగండి. ఆ "యెట్" ఒక్కటి చాలు, మీకు పరిస్థితి అర్థమైందని అవతలివాళ్ళకి తెలిసిపోతుంది.

"క్లాస్ స్ట్రెంత్" సైన్యంలోంచి మన బడుల్లోకి వచ్చిన వాడుకలా ఉంటుంది. అక్కడ దాన్ని వింటే క్లాసు బలం ఎంత అన్నట్టు ఉంటుంది. "హౌ బిగ్ ఈజ్ ద క్లాస్?" లేదా "హౌ మెనీ స్టూడెంట్స్ ఆర్ ఇన్ ద క్లాస్?" అనండి. నామవాచకమే కావాలంటే "క్లాస్ సైజ్". నిజానికి చాలామంది స్ట్రెంత్ అడగడం వెనక అసలు ఉద్దేశం నాకు చోటు దొరుకుతుందా అని. అయితే అదే నేరుగా అడగండి: "ఈజ్ దేర్ స్టిల్ రూమ్ ఇన్ ద క్లాస్?" ఇక్కడ "రూమ్" అంటే గది కాదు, చోటు. "వేకెన్సీ" అనకండి, అది హోటల్ గదులకీ ఉద్యోగాలకీ వాడతారు. నిండిపోతే "వెయిట్‌లిస్ట్"లో చేరతారు. ఒకే సబ్జెక్టుని వేర్వేరు వేళల్లో చెప్తే ఒక్కొక్కదాన్ని "సెక్షన్" అంటారు, ఇది మన మాటే, ధైర్యంగా వాడండి. మన "బ్యాచ్"కి దగ్గరగా వచ్చేదీ ఇదే. "ఈజ్ దేర్ ఎన్ ఈవెనింగ్ సెక్షన్?" అని అడగొచ్చు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారాలంటే "షిఫ్ట్" కాదు, "స్విచ్": "కెన్ ఐ స్విచ్ టు ద మార్నింగ్ సెక్షన్?" రెండు క్లాసులు ఒకే వేళకి పడితే మనం "క్లాష్" అంటాం. అమెరికాలో "టైమ్ కాన్‌ఫ్లిక్ట్" అంటారు. ఇంగ్లండ్‌కి వెళ్ళేవాళ్ళు మాత్రం "క్లాష్" నిక్షేపంగా వాడుకోవచ్చు.

ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ సంగతి మాటల కంటే పెద్దది, ఎందుకంటే అది మీ వీసాని తాకుతుంది. "ఆఫ్‌లైన్ క్లాస్" అనేది కరోనా తర్వాత మనదగ్గర స్థిరపడింది. అమెరికన్‌కి ఆఫ్‌లైన్ అంటే ఇంటర్నెట్ ఆగిపోయిందని. తరగతి గదికి వెళ్ళి కూర్చునే క్లాసు "ఇన్ పర్సన్". "డజ్ ద క్లాస్ మీట్ ఇన్ పర్సన్, ఆర్ ఈజ్ ఇట్ ఆన్‌లైన్?" అన్నది సహజమైన ప్రశ్న. సగం ఇటు, సగం అటు ఉంటే "హైబ్రిడ్". ఆన్‌లైన్‌లో కూడా చెప్పిన వేళకి హాజరవ్వాల్సినవి "సింక్రనస్", మన వీలు చూసుకుని రికార్డింగు చూసేవి "ఎసింక్రనస్". ఈ మాటలు షెడ్యూల్లో కనబడతాయి కాబట్టి తెలిసి ఉండాలి. మాటల్లో అడిగేటప్పుడు "డూ ఐ హావ్ టు బి ఆన్‌లైన్ అట్ ఎ సెట్ టైమ్?" అన్నా చాలు.

వీసా సంగతి ఏమిటంటే, ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్న యూనివర్సిటీ విద్యార్థికి ఒక టర్మ్‌లో పూర్తికాలపు చదువు లెక్కలోకి వచ్చే ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అంటే మూడు క్రెడిట్ల వరకే. చాలా యూనివర్సిటీల్లో ఎం.ఎస్. వాళ్ళకి పూర్తికాలం అంటే 9 క్రెడిట్లు, అంటే మామూలుగా మూడు క్లాసులు. అందులో రెండు ఆన్‌లైన్ అని తర్వాత తేలితే చిక్కు. అందువల్ల ఈ ప్రశ్నని మర్యాద కోసమో మొహమాటం కోసమో దాచిపెట్టి అడగకండి. కారణం చెప్పే అడగండి: "ఐ యామ్ ఆస్కింగ్ బికాజ్ ఆఫ్ ద ఎఫ్-1 లిమిట్ ఆన్ ఆన్‌లైన్ క్లాసెస్." హైబ్రిడ్ క్లాసు ఏ లెక్కలోకి వస్తుందో డిపార్ట్‌మెంట్ గుమాస్తాని కాదు, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఉండే డి.ఎస్.ఓ.ని (డెజిగ్నేటెడ్ స్కూల్ అఫీషియల్) అడగాలి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద సంతకం పెట్టేది వాళ్ళే.

"డౌట్" గురించి మీరు ఇదివరకే విని ఉండొచ్చు, అయినా చెప్తాను, మనకి ఇది నోటికి అంత అలవాటు. "ఐ హావ్ ఎ డౌట్" అంటే అక్కడివాళ్ళకి మీరు చెప్పింది నిజమో కాదో నాకు నమ్మకం లేదు అన్నట్టు వినిపిస్తుంది. ప్రొఫెసర్ పాఠం చెప్తుండగా అలా అంటే బాగుండదు. "ఐ హావ్ ఎ క్వశ్చన్." ప్రతిచోటా ఇదే. అలాగే పరీక్షకి "పోర్షన్" ఎంత అని అడగడానికి "వాట్ డజ్ ద ఎగ్జామ్ కవర్?" మళ్ళీ చూడండి, నామవాచకం పోయి క్రియ వచ్చింది. "సిలబస్" అన్న మాట ఉంది గానీ అక్కడ దానర్థం వేరు. మనకి సిలబస్ అంటే చదవాల్సిన పాఠ్యాంశాలు. వాళ్ళకి అది ప్రతి క్లాసుకీ ప్రొఫెసర్ ఇచ్చే ఒక కాగితం. ఏ వారం ఏ పాఠం, హోంవర్క్ ఎప్పుడు, మార్కులు ఎలా వేస్తారు, ఆలస్యమైతే ఎంత కోత, ఆఫీస్ అవర్స్ (ప్రొఫెసర్‌ని వెళ్ళి కలవగల వేళలు) ఎప్పుడు, అన్నీ అందులోనే ఉంటాయి. అందులో ఉన్నదాన్ని మెయిల్లో అడిగితే ప్రొఫెసర్లు "ఇటీజ్ ఇన్ ద సిలబస్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఎంత చక్కటి ఇంగ్లీషులో అడిగినా అదే జవాబు. కాబట్టి ముందు అది చదవండి.

ఇక రోజువారీ ప్రశ్న: "రేపు క్లాసు ఉందా?" మన "ఉంది" ఇంగ్లీషులో "ఈజ్ దేర్" అవుతుందనుకుని "టుమారో క్లాస్ ఈజ్ దేర్?" అంటాం. వాళ్ళు "హావ్" వాడతారు: "డూ వీ హావ్ క్లాస్ టుమారో?" ఇక్కడ "క్లాస్" ముందు "ఎ" గానీ "ద" గానీ "ఎనీ" గానీ అక్కర్లేదు. "ఐ హావ్ క్లాస్ అట్ టెన్", "ఐ కాంట్ టాక్, ఐ యామ్ ఇన్ క్లాస్", "లెట్స్ మీట్ ఆఫ్టర్ క్లాస్". ఇవి తోటి విద్యార్థుల నోట రోజుకి ఎన్నిసార్లు వింటారో చెప్పలేను. "ఐ యామ్ హావింగ్ క్లాస్" అనకండి. వాన వల్లో మంచు వల్లో రద్దయిందేమో అనుకుంటే "ఈజ్ క్లాస్ స్టిల్ ఆన్ టుడే?" అంటారు. రెండు క్లాసుల మధ్య ఖాళీని మన కాలేజీల్లో "లీజర్ పీరియడ్" అంటాం కదా, అక్కడ "ఐ హావ్ ఎన్ అవర్ బిట్వీన్ క్లాసెస్" అంటారు. "పీరియడ్" హైస్కూలు దాకానే, యూనివర్సిటీలో వినబడదు. "బంక్" కొట్టడం "స్కిప్ క్లాస్".

క్లాసుకి రాలేనప్పుడు "ఐ వాంట్ టూ డేస్ లీవ్" అని అడగొద్దు. లీవ్ ఉద్యోగస్తులకి. "ఐ వోంట్ బి ఏబుల్ టు మేక్ ఇట్ టు క్లాస్ ఆన్ థర్స్‌డే" అని చెప్పండి. అది అనుమతి కోరడం కాదు, ముందుగా తెలియజేయడం. "ఔట్ ఆఫ్ స్టేషన్" బ్రిటిష్ కాలం నుంచి మనకి మిగిలిన మాట, "ఔట్ ఆఫ్ టౌన్" అనండి. వచ్చాక "డిడ్ ఐ మిస్ ఎనీథింగ్ ఇంపార్టెంట్?" అని మాత్రం ప్రొఫెసర్‌ని అడగకండి. ఆ పూట ఆయన చెప్పింది ముఖ్యమా కాదా అని అడిగినట్టు ఉంటుంది. నోట్స్ తోటివాళ్ళ దగ్గర తీసుకుని "ఐ గాట్ ద నోట్స్ ఫ్రమ్ ఎ క్లాస్‌మేట్. ఈజ్ దేర్ ఎనీథింగ్ ఐ నీడ్ టు టర్న్ ఇన్?" అని, అంటే నేను ఇవ్వాల్సిన హోంవర్క్ ఏమైనా ఉందా అని, అడగడం ఎంతో నయం.

వేళలు మారినప్పుడు మనకి "ప్రీపోన్" ఉంది. నాకు ఇష్టమైన మాట, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లోనూ ఉంది. అయినా అమెరికాలో తెలియనివాళ్ళే ఎక్కువ. "మూవ్డ్ అప్" అంటే అనుకున్న వేళకంటే ముందే ఉంటుందని, "పుష్డ్ బ్యాక్" అంటే అనుకున్న వేళ తర్వాత ఉంటుందని. ఇంగ్లండ్‌లో "మూవ్డ్ అప్"కి "బ్రాట్ ఫార్వర్డ్" అంటారు. "మూవ్డ్ ఫార్వర్డ్" అంటే మాత్రం అక్కడివాళ్ళలోనే సగంమంది ఇటు, సగంమంది అటు అనుకుంటారు. తెలుగులో "ముందుకి జరిపారు" అన్నప్పుడు మనకీ ఇదే గొడవ. కాబట్టి రెండు వేళలూ రాసేయండి: "ద క్లాస్ హాజ్ బీన్ మూవ్డ్ ఫ్రమ్ టెన్ టు నైన్." "నెక్స్ట్ ఫ్రైడే" అన్నా ఈ శుక్రవారమా పై శుక్రవారమా అన్న గొడవ వస్తుంది, తేదీ చేర్చండి. ఆ తేదీలో నెలని అంకెతో రాయకండి. 9/8 అంటే మనకి ఆగస్టు 9, వాళ్ళకి సెప్టెంబరు 8. షెడ్యూల్లో రోజుల పొట్టి రూపాల్లో "టి" అంటే మంగళవారం, "ఆర్" అంటే గురువారం. రెండూ "టి"తోనే మొదలవుతాయి కాబట్టి గురువారానికి "ఆర్" పెట్టారు. "టి ఆర్" అని ఉంటే మంగళ, గురువారాలు.

బయల్దేరేముందు ఆన్‌లైన్ ఓరియంటేషన్ ఉంటుంది కాబట్టి ఇదీ చూసుకోండి. టెక్సస్‌లో ఎక్కువ భాగం సెంట్రల్ టైమ్. వేసవిలో అక్కడ ఉదయం 8 అయితే మనకి సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళ గడియారాలు ఒక గంట వెనక్కి వెళ్తాయి, అప్పటినుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే 8 మనకి 7:30. అనుమానం ఉంటే "ఈజ్ దట్ సెంట్రల్ టైమ్?" అని అడిగేయండి.

ఇంగ్లండ్‌కి వెళ్ళేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే నాలుగు మాటలు. అక్కడ "కోర్స్" అంటే మొత్తం డిగ్రీ, విడి సబ్జెక్టు "మాడ్యూల్". అమెరికాలో "కోర్స్" అంటేనే విడి సబ్జెక్టు. ఈ ఒక్కటి కలగలిస్తే మొత్తం సంభాషణ పక్కదారి పడుతుంది. పట్టికని "టైమ్‌టేబుల్" అంటారు, అది మన మాటే. "లెక్చర్", "సెమినార్", "ట్యుటోరియల్" వేర్వేరు. "హాఫ్ సెవెన్" అంటే ఏడున్నర, ఆరున్నర కాదు.

ఏ మాట ఎక్కడ వాడతారో మీ అంతట మీరు తేల్చుకునే దారి కూడా ఉంది. గ్లోబ్ (GloWbE) అని పిలిచే ఒక కార్పస్ ఉంది, 20 దేశాల వెబ్ పేజీల నుంచి తీసిన 190 కోట్ల పదాల నిధి. అందులో "క్లాస్ టైమింగ్స్" అని వెతికితే ఏ దేశంలో ఎంత వాడారో పక్కపక్కన చూపిస్తుంది. అమెరికా వాడుక ఒక్కటే చూడాలంటే కోకా (COCA) అనే కార్పస్, అందులో వంద కోట్ల పదాలున్నాయి. అంత ఓపిక లేకపోతే గూగుల్లో మీ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన "సైట్ కోలన్ డాట్ ఎడు" అని ఇంగ్లీషులో చేర్చి వెతకండి. అమెరికన్ యూనివర్సిటీల పేజీలే వస్తాయి. అక్కడ ఎక్కువగా కనబడితే వాడండి, ఎక్కడో ఒకటి అరా వస్తే వదిలేయండి. నిఘంటువు చూసి ఎంచుకునే కంటే ఇది మేలు. నిఘంటువు అర్థం చెప్తుంది గానీ ఎక్కడ ఎంత వాడతారో అంతగా చెప్పదు.

ఇప్పుడు మీ మెయిల్‌ని నేనైతే ఇలా రాస్తాను. సబ్జెక్ట్ లైన్‌లో "ఇన్‌కమింగ్ ఎం.ఎస్. స్టూడెంట్, క్వశ్చన్స్ అబౌట్ ద ఫాల్ డేటాబేస్ క్లాస్". లోపల:

"హలో, ఐ యామ్ ఎన్ ఇన్‌కమింగ్ మాస్టర్స్ స్టూడెంట్ ఇన్ కంప్యూటర్ సైన్స్, స్టార్టింగ్ దిస్ ఫాల్. ఐ హావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్ అబౌట్ ద డేటాబేస్ క్లాస్, సెక్షన్ టూ. ద షెడ్యూల్ సేస్ ఇట్ మీట్స్ ట్యూజ్‌డేస్ అండ్ థర్స్‌డేస్ అట్ ఫోర్. డజ్ ఇట్ మీట్ ఇన్ పర్సన్ బోత్ డేస్? ఐ యామ్ ఆస్కింగ్ బికాజ్ ఆఫ్ ద ఎఫ్-1 లిమిట్ ఆన్ ఆన్‌లైన్ క్లాసెస్. ఈజ్ దేర్ స్టిల్ రూమ్ ఇన్ ద క్లాస్, ఆర్ షుడ్ ఐ జాయిన్ ద వెయిట్‌లిస్ట్? అండ్ డూ యూ నో యెట్ హూ విల్ బి టీచింగ్ ఇట్? థ్యాంక్ యూ ఫర్ యువర్ హెల్ప్."

కింద మీ పూర్తి పేరు, స్టూడెంట్ ఐ.డి. దీంట్లో కోర్సు నంబరు కూడా చేర్చండి. మొదటి మెయిల్‌కి "వివరంగా చెప్పండి" అని జవాబు రావడానికి సగం కారణం అదే: కోర్సు నంబరు ఏది, సెక్షన్ ఏది అన్నది అందులో లేదు. మాట ఎంత సహజంగా ఉన్నా నంబరు లేకపోతే మావాళ్ళు వెతకలేరు. క్లాసులు ఎప్పుడు మొదలవుతాయన్న ప్రశ్నని కావాలనే తీసేశాను. అది అకడమిక్ క్యాలెండర్‌లో అందరికీ కనబడేలా ఉంటుంది, మీరే చూసుకోగలరు. "రెస్పెక్టెడ్ సర్/మేడమ్" తీసేసి ఆఫీసుకి "హలో" పెట్టాను. అదే ప్రొఫెసర్‌కి అయితే "డియర్ ప్రొఫెసర్" అని ఇంటిపేరు చేర్చండి. ఇంటిపేరు లేకుండా "డియర్ సర్" అంటే ఎవరో తెలుసుకోకుండా రాసినట్టు ఉంటుంది, అవతల ఉన్నది మహిళ అయితే ఇంకా ఇబ్బంది. ఆ ప్రొఫెసర్ జవాబులో కింద ఉత్త పేరు మాత్రమే పెట్టి సంతకం చేసినా, పేరుతో పిలవమని నోరు తెరిచి చెప్పేదాకా "ప్రొఫెసర్" అనే రాయమంటాను. ఎదురుగా మాట్లాడేటప్పుడు మాత్రం టెక్సస్‌లో "యెస్ సర్", "యెస్ మేమ్" అనడం మామూలే, అక్కడి పిల్లలూ అంటారు. మీకు ఆ అలవాటు అక్కడ అడ్డు రాదు.

"కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" బదులు ఏదీ పెట్టక్కర్లేదు. మీరు అడగాల్సింది పైన అడిగేశారు, "థ్యాంక్ యూ ఫర్ యువర్ హెల్ప్" సరిపోతుంది. ఆగస్టులో ఈ ఆఫీసులు ఊపిరాడకుండా ఉంటాయి కాబట్టి ఒక వారం దాకా జవాబు రాకపోయినా కంగారుపడకండి. ఆ తర్వాత కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాతదానికే రిప్లై కొట్టి, "జెంటిల్ రిమైండర్" అని కాకుండా "ఐ యామ్ జస్ట్ ఫాలోయింగ్ అప్ ఆన్ మై క్వశ్చన్స్ బిలో" అని ఒక్క వాక్యం రాయండి. కింద మొదటి మెయిల్ అలాగే ఉంటుంది కాబట్టి చదివేవాళ్ళు వెనక్కి వెళ్ళి వెతుక్కోనక్కర్లేదు.